మంచి ఉద్దేశంతో చేసినా జనం ఎందుకు వాడట్లేదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సేవా సంస్థల్లో, ఆరోగ్య కేంద్రాల్లో, కాలేజీ టీముల్లో పనిచేస్తున్నవాళ్లు హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ గురించి అడిగారు. సమస్య ఎవరిదో వాళ్ల దగ్గరే మొదలుపెట్టి, వాళ్లతో కలిసి పరిష్కారం తయారుచేసి, వాళ్లు వాడుతుంటే చూసి మళ్లీ మళ్లీ సరిచేసుకుంటూ పోయే పద్ధతి అది. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఆరుగురు వాలంటీర్లం. ప్రభుత్వ పథకాలకి దరఖాస్తు చేసుకోవడం తేలికయ్యేలా ఒక యాప్ చేశాం. చేసేముందు సర్వే కూడా చేశాం, ‘ఇలాంటిది ఉంటే వాడతారా’ అంటే దాదాపు అందరూ వాడతామన్నారు. ఇప్పుడు ఎవరూ తెరవట్లేదు. సర్వే చేయడం డిజైన్‌లో భాగం కాదా?
– ఒక వాలంటీర్

జవాబు: మీకు ‘వాడతాం’ అని చెప్పినవాళ్లు అబద్ధమేమీ ఆడలేదండీ. ఎదురుగా నిలబడి అంత ఉత్సాహంగా అడుగుతున్న పిల్లల మొహాన ‘మాకు అక్కర్లేదు’ అనడానికి ఎవరికీ మనసు రాదు, పైగా ఆ నిమిషానికి వాళ్లకీ అది మంచి ఆలోచనే అనిపించి ఉంటుంది. తేడా ప్రశ్నలోనే వచ్చింది. ‘వాడతారా’ అంటే రేపటి సంగతి అడిగినట్టు, రేపటి సంగతి ఎవరైనా ఊహించే చెబుతారు. దాని బదులు ‘కిందటిసారి ఈ పని పడ్డప్పుడు ఏం చేశారు?’ అని అడిగి చూడండి. ముందు ఎవరి దగ్గరికి వెళ్లారు, ఎన్నిసార్లు తిరిగారు, ఎక్కడ విసుగొచ్చి వదిలేశారు, చివరికి ఎవరు చేసిపెట్టారు. ఇవన్నీ జరిగిపోయినవి కాబట్టి ఊహించాల్సిన పని ఉండదు.

అది కూడా సగమే. మిగతా సగం అడిగితే వచ్చేది కాదు, కూర్చుని చూడాలి. పింఛను దరఖాస్తు కౌంటర్ దగ్గర ఓ పూట ఊరికే కూర్చోండి. ఒక పెద్దావిడ ఫారం తీసుకుంటుంది. రాసుకోవడానికి బల్ల లేదు కాబట్టి గోడకి ఆనించి రాయబోతుంది, అలా పెడితే పెన్ను పడదు. పుట్టినతేదీ గడి దగ్గర ఆగిపోతుంది. సంచిలోంచి కార్డు తీసి, దూరంగా పట్టుకుని చూసి, ఏమీ రాయకుండానే మళ్లీ లోపల పెట్టేస్తుంది. ఫోన్ నంబరు అడిగిన చోట కొడుకు నంబరు వేయిస్తుంది. కొన్నాళ్లకి ‘ఫలానా కాగితం జతచేయండి’ అని ఆ నంబరుకి మెసేజ్ వస్తుంది, కొడుకు వేరేచోట పనిలో ఉంటాడు, వందల మెసేజ్‌ల్లో అదొకటిగా కొట్టుకుపోతుంది, ఆవిడ మాత్రం పింఛను ఇంకా ఎందుకు రాలేదో తెలియక ఎదురుచూస్తుంటుంది. బయటికి వస్తున్నప్పుడు ‘ఫారం ఎలా ఉందమ్మా’ అని అడగండి, ‘బాగానే ఉంది బాబూ’ అంటుంది. ఆవిడకి ఆ ఇబ్బందులన్నీ మామూలే అయిపోయాయి, కాబట్టి చెప్పాలని కూడా తోచదు.

ఆ కౌంటర్ బయట రాసిపెట్టే మనిషి ఒకరు ఉంటారు, చూడండి. పది కాగితాలు ఒక క్రమంలో పేర్చుకుని, మనిషిని చూడగానే ఏ కాగితం లేదో చెప్పేస్తారు. మీ యాప్ లేని రోజుల్లో జనం పని గడుస్తున్నది ఆయన వల్లే. ఒక రోజంతా ఆయన పక్కన కూర్చుంటే, ఏ ప్రశ్న దగ్గర జనం తడబడతారో, ఏ కాగితం కోసం వెనక్కి తిరుగుతారో మీ సర్వే కన్నా ఎక్కువ తెలుస్తుంది. ఏమో, యాప్ ఆయన చేతిలో ఉంటేనే బాగా పనికొస్తుందని తేలుతుందేమో కూడా. అలా తేలితే యాప్‌ను ఆయన కోసం మార్చడానికి మీరు సిద్ధంగా ఉండాలి. నా దృష్టిలో ఈ మొత్తం పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. చూసినదాన్ని బట్టి ప్లాన్ మారగలగాలి, మారే వీలే లేనప్పుడు ఎన్ని గంటలు చూసినా ఆ చూడడం ఒక తంతుగా మిగిలిపోతుంది.

ప్రశ్న: మా సంస్థ తరఫున పొగ తక్కువ వచ్చే పొయ్యిలు పంచాం. మొదట్లో బాగానే వాడారు. ఏడాది తిరిగేసరికి చాలా ఇళ్లలో మళ్లీ పాత పొయ్యే. ‘జనానికి అవగాహన లేదు, ఇంకో శిక్షణ పెట్టండి’ అంటున్నారు మా పైవాళ్లు. నిజంగా అవగాహన లోపమేనంటారా?
– క్షేత్రస్థాయి కార్యకర్త

జవాబు: అనను. పొగ మంచిది కాదని ఆ ఇంట్లో వంట చేసే మనిషికి మీరో నేనో చెప్పాలా? రోజూ కళ్లు మండేది ఆవిడకే, దగ్గొచ్చేది ఆవిడకే.

మీకు జరిగిందే ఒడిశాలో పద్ధతి ప్రకారం నమోదైంది. రెమా హన్నా, ఎస్తర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు అక్కడ మెరుగైన పొయ్యిలు ఇచ్చిన ఇళ్లని నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, ఆ తర్వాత ఆ తేడా కనిపించకుండా పోయింది. పొయ్యిలు అప్పుడప్పుడే వాడారు, పాడైతే బాగుచేసుకోలేదు, ఏటికేడాది వాడకం పడిపోయింది, చివరికి ఆరోగ్యంలో గానీ కట్టెల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ల్యాబ్‌లో పెట్టి చూసినప్పుడు మాత్రం అలాంటి పొయ్యిలు చక్కగా పనిచేస్తాయి. ల్యాబ్‌లో పొగగొట్టం శుభ్రం చేయడానికి ఒక మనిషి ఉంటాడు, ఇంట్లో ఎవరుంటారు?

కాబట్టి శిక్షణ పెట్టేముందు, వాడకం మానేసిన ఇళ్లలో ఓ నాలుగింటికి వంటవేళకి వెళ్లండి, వాళ్లు ఒప్పుకుంటేనే సుమా. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నె ఆ పొయ్యి మీద నిలబడుతోందా? కట్టెని చిన్న ముక్కలుగా కొట్టాల్సి వస్తోందా, వస్తే ఆ అదనపు చాకిరీ ఎవరి మీద పడింది? పొయ్యికి పగులు వస్తే బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారు, కబురు పెడితే ఎన్నాళ్లకి వస్తారు? పొద్దున తొందరలో రెండు వంటలు ఒకేసారి కావాలంటే కుదురుతుందా? చలికాలంలో ఆ పాత పొయ్యి దగ్గరే ఇంటిల్లిపాదీ చేరి చలి కాచుకుంటారేమో, మీ పొయ్యి వేడి బయటికి రానివ్వదు కాబట్టి ఆ సుఖం పోయిందేమో. ఇంకోటి, పొయ్యి బాగుచేయించడానికి డబ్బు తీయాల్సింది ఎవరు? పొగ పీల్చేది ఒకరు, ఖర్చు నిర్ణయించేది ఇంకొకరు అయిన ఇంట్లో ఆ పగులు అలాగే ఉండిపోతుంది. ఇందులో ఒక్కటి కూడా అవగాహనకి సంబంధించింది కాదు, గమనించారా.

ఇక సరిగ్గా జరిగిన పని ఒకటి చెప్తాను. కాలు పోయినవాళ్లకి అప్పట్లో దొరికే విదేశీ తరహా కృత్రిమ పాదం బూటు లోపల పెట్టుకుని కుర్చీ మీద కూర్చునే జీవితానికి తగ్గట్టు చేసింది. దాంతో గొంతుక్కూర్చోవడం కష్టం, ఒట్టికాళ్లతో నడవడం కుదరదు, నీళ్లలో బురదలో దిగితే పనికిరాదు. డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి 1968 ప్రాంతంలో రబ్బరుతో చేసిన జైపూర్ ఫుట్ వీటన్నిటికీ పనికొచ్చింది, చూడ్డానికీ పాదంలాగే ఉండేది. ఒకరికి ఎముకల సంగతి తెలుసు, ఇంకొకరికి చేతిపని తెలుసు. రోగి రోజంతా నేల మీద, పొలంలో ఏం చేస్తాడన్నదాన్ని బట్టి పాదం ఎలా ఉండాలో తేల్చుకున్నారు. ‘మా పాదం వాడడం జనానికి నేర్పిద్దాం’ అనే మాటే అక్కడ రాలేదు.

మీ పైవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఆ నాలుగిళ్లలో చూసినది పూసగుచ్చినట్టు రాసి, ఫొటోల బదులు పొయ్యి బొమ్మ గీసి ఎక్కడ పగులుతోందో గుర్తుపెట్టి వాళ్ల ముందు పెట్టండి. శిక్షణకి అనుకున్న డబ్బులో కొంత ఒక మరమ్మతు మనిషికి మళ్లించమని అడగండి.

ప్రశ్న: ఇదంతా చేయడానికి డిజైన్ కోర్సు చదవాలా? గోడ మీద రంగురంగుల కాగితాలు అంటించే వర్క్‌షాపులు చూసి నాకు టెన్షన్ వస్తోంది.
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అక్కర్లేదు మేడమ్. ఆ కాగితాలు నలుగురూ చూసినవన్నీ ఒకచోట పెట్టుకోవడానికి ఒక వీలు, అంతే, నోట్‌బుక్‌లో రాసుకున్నా పనవుతుంది. ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 9241-210 అని, 2010లో వచ్చింది, కంప్యూటర్ వ్యవస్థల కోసం రాసింది. అందులో ఉన్నదాన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే, వాడేవాళ్లనీ వాళ్ల పనినీ పరిసరాలనీ అర్థం చేసుకోవాలి, మొదటి నుంచి చివరిదాకా వాళ్లని కలుపుకోవాలి, వాళ్లతో పరీక్షించి మార్చాలి, ఒక్కసారితో అయిపోయిందనుకోకూడదు. పిల్లలకి ఒక పాఠం ఎక్కకపోతే మర్నాడు ఇంకోలా చెప్పి చూసే టీచర్‌కి ఇందులో కొత్తేమీ కనిపించదు.

ప్రశ్న: మంచినీళ్ల సమస్య మీద మా టీం ఐడియాకి కాలేజీ పోటీలో బహుమతి వచ్చింది. ఇప్పుడు నిజంగా పెట్టడానికి డబ్బు ఇస్తామంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ముందుగా అభినందనలు. మీరు ప్లేపంప్ గురించి చదవండి, బహుమతి వచ్చిన ప్రతి టీమూ చదవాల్సిన చరిత్ర అది. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నం ఉంటుంది కదా, దాన్ని పంపుకి కలిపారు. పిల్లలు ఆడుకుంటే నీళ్లు పైకొచ్చి ట్యాంకులో పడతాయి, ట్యాంకు మీద ప్రకటనలు వేసుకుంటే వాటి డబ్బుతో నిర్వహణ నడుస్తుంది. దక్షిణాఫ్రికాలో మొదలైంది. 2000లో ప్రపంచ బ్యాంకు పోటీలో గెలిచింది. 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు, 2010 కల్లా ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టాలన్నారు. వీడియో చూస్తే ఎవరికైనా నచ్చేస్తుంది, పిల్లల నవ్వులూ నీళ్లూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి మరి.

పెట్టిన తర్వాత ఏమైందంటే, పిల్లలు ఎప్పుడూ ఆడుతూ ఉండరు, నీళ్లు మాత్రం ఎప్పుడూ కావాలి. పిల్లలు బడిలో ఉన్న వేళ ఆడవాళ్లు వచ్చి ఆ చక్రాన్ని చేత్తో తోసుకోవాల్సి వచ్చింది. మామూలు చేతిపంపు కన్నా అది కష్టం, పెద్దవయసు వాళ్లకి ఇంకా కష్టం, నలుగురిలో ఆటవస్తువుని తోస్తూ నిలబడడం కొందరికి చిన్నతనంగా కూడా అనిపించింది. పాడైతే ఊళ్లోవాళ్లు బాగుచేసుకునే వీలు లేదు, కంపెనీ మనుషుల కోసం ఎదురుచూడాలి. ఒక్కో పంపుకి దాదాపు 14,000 డాలర్లు, ఆ డబ్బుతో చేతిపంపులు ఎన్నో వచ్చేవి. చెప్పుకున్నంతమందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. కొన్నిచోట్లయితే ఉన్న చేతిపంపు తీసేసి దీన్ని పెట్టారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ సంగతే. 2010లో అమెరికాలో ఈ పంపుల పని నడిపిన సంస్థ తన పని మూసేసి మిగిలిన పంపుల్ని వేరే సంస్థకి అప్పగించింది. ఇందులో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు, డబ్బు ఇచ్చినవాళ్లూ మనస్ఫూర్తిగానే ఇచ్చారు. నీళ్లు మోసే ఆవిడని మాత్రం మొదట్లోనే పక్కన కూర్చోబెట్టుకుని ఎవరూ అడగలేదు, ఆవిడ ఒక్క పొద్దున ఆ చక్రం తోసి చూసి ఉంటే చాలా విషయాలు బయటపడేవి.

కాబట్టి మీరు వందచోట్ల పెట్టేముందు ఒకచోట పెట్టండి. ఆ ఒక్కచోటా పెట్టేముందు అట్టముక్కలతో చేసి చూపించండి. నవ్వొస్తుందేమో గానీ పనిచేస్తుంది. 1980ల మొదట్లో స్కాండినేవియా దేశాల్లో అచ్చు కార్మికుల సంఘం, పరిశోధకులు కలిసి యుటోపియా అనే ప్రాజెక్టు నడిపారు. అచ్చుపనిలోకి కంప్యూటర్లు రాబోతున్నాయి, అవి ఎలా ఉండాలో కార్మికులే తేల్చుకోవాలన్నది ఆలోచన. అప్పటికి యంత్రాలు చేతిలో లేవు. ఒక అట్టపెట్టె తెచ్చి దాని మీద ‘లేజర్ ప్రింటర్’ అని రాసి బల్ల మీద పెట్టారు, ఇంకో అట్టని తెర అనుకున్నారు, రోజూ చేసే పనిని వాటితో చేసి చూపించమన్నారు. అంతే, ఏళ్ల అనుభవమున్న మనిషికి ఆ ఉత్త పెట్టె ముందు నిలబడి ‘ఇది ఇక్కడుంటే నాకు చెయ్యి అందదు’ లాంటి మాట చెప్పే వీలొచ్చింది. అదే మాట యంత్రం కొన్న తర్వాత చెప్పినా వినేవాళ్లుండరు. నున్నగా, పూర్తయిపోయినట్టు ఉన్న నమూనా చూపిస్తే జనం మెచ్చుకుని ఊరుకుంటారు, అతుకులబొంత నమూనా చూపిస్తే ‘ఇలా కాదు, ఇటు తిప్పు’ అని వాళ్లే చేయి వేస్తారు.

ప్రశ్న: నేను టీకాల విభాగంలో పనిచేస్తాను. మొదటి డోసుకి వస్తారు, తర్వాతి వాటికి చాలామంది రారు. ఎన్ని పోస్టర్లు వేసినా అంతే. దీనికి డిజైన్ ఏం చేస్తుంది?
– ఒక నర్సు

జవాబు: మొదటి డోసుకి వచ్చారంటే టీకా మీద వ్యతిరేకత లేదన్నమాటే కదా, సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రెండోసారి రావడానికి అడ్డం పడుతున్నదేమిటో చూడాలి. ఉదయ్‌పూర్ ప్రాంతంలో సేవామందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన ప్రయోగం మీకు నేరుగా పనికొస్తుంది, 2010లో అచ్చయింది. మామూలుగా ఉన్న ఊళ్లలో పిల్లలకి అన్ని టీకాలూ పూర్తయినవి 6 శాతం. ప్రతి నెలా చెప్పిన రోజుకి తప్పకుండా ఊళ్లోనే శిబిరం పెట్టిన చోట అది 18 శాతం అయింది. దాంతోపాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక పళ్లేల సెట్టు ఇచ్చిన చోట 39 శాతానికి వెళ్లింది.

జనం కిలో పప్పుకే వచ్చారని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఒక తల్లి బిడ్డనెత్తుకుని టీకాకి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, మళ్లీ రాత్రి బిడ్డకి జ్వరం వస్తే నిద్ర ఉండదు. నష్టం ఇవాళ కళ్లెదుట, లాభమేమో ఎప్పుడో, అదీ కంటికి కనపడనిది. ఆ పప్పు ఇవాళ్టి నష్టాన్ని కొంచెం సర్దుతోంది. అలాగే మొదటి పెరుగుదల చూడండి, పప్పు లేకుండానే మూడింతలైంది, ‘చెప్పిన రోజున నర్సు తప్పక ఉంటుంది’ అన్న నమ్మకం, నడక తగ్గడం, ఈ రెండూ కలిసి తెచ్చిన ఫలితమది.

మీ కేంద్రంలో రికార్డు తీసి, రెండో డోసుకి రానివాళ్లలో కొందరి ఇళ్లకి వెళ్లండి. నిలదీస్తున్నట్టు అడగొద్దు, ‘ఆ రోజు ఎలా గడిచిందమ్మా’ అని మొదలుపెట్టండి. కార్డు ఎక్కడ పెట్టారో చూపించమనండి, అందులో తర్వాతి తేదీ ఎక్కడుందో వాళ్లకి కనిపిస్తోందో లేదో మీకే తెలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే ఎంబ్రేస్ అనే సంచి ఉంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 2007లో క్లాసు పనిగా మొదలుపెట్టింది. అందులో మొదట వేడి ఎంతుందో అంకెల్లో చూపించే పట్టీ పెట్టారు. ఒక తల్లితో మాట్లాడితే, చెప్పినంత వేడి పెడితే బిడ్డకి ఎక్కువవుతుందేమోనన్న భయంతో కాస్త తగ్గించే పెడతానంది. దాంతో అంకెలు తీసేసి ‘సరిపోయింది’, ‘సరిపోలేదు’ అని మాత్రమే తెలిసే గుర్తు పెట్టారు. మీ కార్డు మీద కూడా అలాంటి చిన్న మార్పు ఏదో దొరుకుతుంది, దొరక్కపోతే శిబిరం వేళ మార్చి చూడండి.

ప్రశ్న: సూటిగా అడుగుతున్నాను. డాక్టర్లు లేరు, జీతాలు లేవు, భూమి లేదు. ఇలాంటి సమస్యలకి డిజైన్ అంటూ వర్క్‌షాపులు పెట్టడం అసలు బాధ్యత ఉన్నవాళ్లని తప్పించడం కాదా?
– ఒక కార్మిక సంఘం సభ్యుడు

జవాబు: చాలాసార్లు అవుతుంది, మీ అనుమానం సబబే. ఆస్పత్రిలో డాక్టరే లేనప్పుడు వెయిటింగ్ హాల్లో కుర్చీలు ఎలా వేయాలని చర్చ పెట్టడం రోగులకి చేసే అన్యాయం. అక్కడ కావాల్సింది నియామకం, బడ్జెట్. డిజైన్ చేసేవాళ్లు వెళ్లి చూసి ‘ఇక్కడ మేం చేసేది ఏమీ లేదు, మనిషిని వేయండి’ అని రాసివ్వగలిగే ధైర్యం కూడా ఈ పనిలో భాగం కావాలి, అది రాసినందుకు కాంట్రాక్టు పోయినా సరే.

అయితే ఈ ఆలోచన వచ్చినదారిలో మీలాంటివాళ్లే ఉన్నారన్నది మర్చిపోవద్దు. 1970ల మొదట్లో నార్వేలో క్రిస్టెన్ నిగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు, ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ వ్యవస్థ గురించి కార్మికులకి మాట ఉండాలని. పైన చెప్పిన అట్టపెట్టెల కథ దాని కొనసాగింపే. అక్కడ వాడేవాళ్ల అభిప్రాయం తీసుకుని ఊరుకోలేదు, నిర్ణయంలో వాళ్లకి వాటా ఉంది. తర్వాత తర్వాత ఈ పద్ధతిని కన్సల్టెంట్లు ఎత్తుకున్నప్పుడు ఆ వాటా సంగతి చాలాచోట్ల జారిపోయింది, ఇంటర్వ్యూలు మాత్రం మిగిలాయి.

కాలిబాట అంచున రోడ్డు మీదికి దిగేలా ఉండే ఏటవాలు కూడా అంతే. అమెరికాలోని బర్క్‌లీలో 1970ల మొదట్లో వీల్‌చైర్ వాడే విద్యార్థులు, ఎడ్ రాబర్ట్స్ లాంటివాళ్లు పట్టుబట్టి సాధించుకున్నారు. ఏ వాలు ఎంతుంటే చక్రం జారదు, చూపులేనివాళ్ల కర్రకి అంచు ఎలా తెలియాలి అనేవి డిజైన్ ప్రశ్నలు, వాటికి జవాబులు వాడేవాళ్లే చెప్పగలిగారు. దేశమంతటా తప్పనిసరి కావడానికి మాత్రం 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కావాల్సి వచ్చింది. చట్టం లేకపోతే ఆ వాలు కొన్ని ఊళ్లకే పరిమితమయ్యేది, ఎంత ఉండాలో చెప్పేవాళ్లు లేకపోతే చట్టం వచ్చాక కూడా ఎక్కలేని వాలులు కట్టి లెక్క చూపించేవాళ్లు. మీ సంఘం ఏదైనా సౌకర్యం సాధించినప్పుడు, అది ఎలా ఉండాలో నిర్ణయించే మీటింగ్‌లో కూడా సీటు అడగండి. జీవో వచ్చాక వదిలేస్తే వేరేవాళ్లు వచ్చి గీసేస్తారు.

ప్రశ్న: పరిశీలన కోసం ఇళ్లకి వెళ్లినప్పుడు ఫొటోలు తీయొచ్చా? వాళ్ల టైమ్‌కి డబ్బు ఇవ్వాలా?
– పరిశోధక విద్యార్థిని

జవాబు: ఫొటో ఎక్కడ వాడతారో చెప్పి, వద్దంటే తీయకండి, అవునన్నా మొహాలు అవసరం లేని చోట చేతుల్నీ వస్తువుల్నీ తీస్తే చాలు. డబ్బు తప్పకుండా ఇవ్వాలి. మీ టీంలో అందరూ ఆ గంటకి జీతం తీసుకుంటున్నప్పుడు, అసలు విషయం తెలిసిన మనిషి ఒక్కరే ఉచితంగా చెప్పాలనడం ఏం న్యాయం? మీరు తెలుసుకున్నది తిరిగి వెళ్లి వాళ్లకి చెప్పండి, ‘మీరు చెప్పినదాంట్లో ఇది మార్చాం, ఇది మార్చలేకపోయాం, కారణం ఇదీ’ అని. మళ్లీ మొహం చూపించనివాళ్ల కన్నా అలా తిరిగి వెళ్లినవాళ్లకి రెండోసారి చాలా ఎక్కువ చెబుతారు.

ప్రశ్న: ఇదంతా బాగుంది. కానీ నిధులిచ్చేవాళ్లు ‘ఏం కడతారు, ఎన్ని పంచుతారు’ అని మొదటి రోజే రాయమంటారు. రాసింది మారిస్తే ఆడిట్‌లో ప్రశ్న. చూసి నేర్చుకోవడానికి చోటెక్కడుంది?
– సంస్థ నిర్వాహకురాలు

జవాబు: నిజమైన ఇబ్బంది ఇదే. చాలా ప్రాజెక్టులు మంచి మనుషుల చేతుల్లో ఉండి కూడా ఇక్కడే ఇరుక్కుంటున్నాయి. ప్లాన్ కాగితం మీద గట్టిపడిపోయాక, వాడేవాళ్లు చెప్పేది ఎంత నిజమైనా అది ఆఫీసులో ‘డీవియేషన్’ అయి కూర్చుంటుంది.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రొపోజల్‌లో వస్తువు పేరు బదులు జరగాల్సిన మార్పు రాయండి. ‘ఇన్ని ఫిల్టర్లు పంచుతాం’ అని రాస్తే ఫిల్టర్లే పంచాలి, ‘ఇన్ని ఇళ్లలో తాగేనీళ్లు పరీక్షలో శుభ్రంగా తేలాలి’ అని రాస్తే దారి మార్చుకునే వీలుంటుంది. కెన్యాలో మైకేల్ క్రెమర్ అనే ఆర్థికవేత్త బృందం క్లోరిన్ సీసాలు ఇళ్లకి అమ్మితే వాడేవాళ్లు చాలా తక్కువని చూసి, నీళ్లు పట్టే చోటే క్లోరిన్ డబ్బా బిగించి తిప్పితే సరిపడా పడేలా చేశారు. బిందె నింపుకునేటప్పుడే పనైపోతుంది, పక్కవాళ్లు వేసుకోవడం కళ్లకి కనిపిస్తుంది కూడా, వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. ‘ఇన్ని సీసాలు’ అనే టార్గెట్ కింద సంతకం పెట్టి ఉంటే ఆ డబ్బా బిగించడం నిబంధన తప్పినట్టయ్యేది.

తర్వాత, కాలాన్ని విడగొట్టండి. మొదటి విడత చిన్న మొత్తం, పరిశీలనకీ చవక నమూనాలకీ. దాని చివర ఒక తేదీ వేసి, ఆ రోజున మొదటి ఆలోచన కొనసాగించాలా, మార్చాలా, ఆపేయాలా అనేది తేల్చుకుంటామని ఒప్పందంలోనే రాయించండి, ఆ మీటింగ్‌లో వాడబోయేవాళ్లు కనీసం ముగ్గురు ఉంటారని, వాళ్ల అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు ఇస్తామని కూడా. ముగ్గురని ఎందుకంటే, ఒక్కరినే కూర్చోబెడితే అంతమంది ఆఫీసర్ల మధ్య నోరు పెగలదు.

నిధులిచ్చేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే, మొత్తం ప్రాజెక్టు అడగకుండా ఆ మొదటి విడత వరకే అడిగి చూడండి. ‘పెద్ద డబ్బు పెట్టేముందు పనికొస్తుందో లేదో తేల్చి చెబుతాం’ అంటే వాళ్ల బోర్డుకి కూడా అది అర్థమయ్యే మాటే. ఆ రిపోర్టులో పనిచేయనివి ఏమిటో ముందు పేజీలోనే రాయండి.